నీళ్లకు అరగంట, వెలుతురుకు నెల

హ్యూస్టన్

కార్తీక్,

నీ కోరల్ ట్యాంకు ఫొటోలు చూశాను. రాళ్ల మీద గులాబీ పూత కూడా మొదలైంది, సంతోషం. శుక్రవారం ఫ్లోరిడా నుంచి కోరల్స్ వస్తున్నాయని, డ్రిప్ (ట్యాంకు నీళ్లను చుక్కచుక్కగా కలపడం) ఎన్ని గంటలు పెట్టాలని అడిగావు. డ్రిప్‌కు అరగంట చాలు. అసలు జాగ్రత్త వెలుతురు దగ్గర కావాలి, దానికి నెల పడుతుంది.

ముందు ఆ అరగంట సంగతి చూద్దాం. సంచి విప్పకుండా ట్యాంకులో 15-20 నిమిషాలు తేలనివ్వు, వేడి సర్దుకుంటుంది. తర్వాత గిన్నెలోకి మార్చి నీ నీళ్లు కొద్దికొద్దిగా కలుపు. సాగదీయకు. రాత్రంతా ప్రయాణం చేసిన సంచిలో అమోనియా పేరుకుంటుంది. మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, దాంతో ఆ అమోనియా మరింత విషమవుతుంది. సంచి నీళ్లు ట్యాంకులో పోయకు.

ఆ వెంటనే డిప్, అంటే పురుగుల మందు కలిపిన నీళ్లలో ముంచడం. సీసా మీద రాసిన కొలత, సమయం దాటొద్దు. డిప్‌కు పురుగులు రాలతాయి గానీ వాటి గుడ్లు చాలావరకు బతికేస్తాయి. అందుకే కోరల్ అతికించి వచ్చిన ప్లగ్‌ను తీసేసి కొత్తదానికి అతికించు. జోవాంథిడ్ రకాలను ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని ఎప్పుడూ వేడినీళ్లలో మరిగించకు.

ఇక వెలుతురు. కోరల్ ఒంట్లో సూక్ష్మమైన ఆల్గే కాపురముంటుంది, తిండిలో ఎక్కువ భాగం దానికి అదే వండిపెడుతుంది. ఆ ఆల్గే అమ్మినవాళ్ల లైట్లకు అలవాటుపడి ఉంటుంది. నీడలో పెంచిన నారును ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో నాటితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ కోరల్ ఆ ఆల్గేను బయటికి గెంటేసి తెల్లబారిపోతుంది. 2016లో గ్రేట్ బారియర్ రీఫ్‌లో సముద్రం వేడెక్కినప్పుడు జరిగింది కూడా ఇదే.

కాబట్టి కొత్తవాటిని మొదట అడుగున ఇసుక మీద పెట్టు. లైటు సగానికి తగ్గించి, వారం వారం కాస్త పెంచుతూ నెలకు మామూలు స్థాయికి తీసుకురా. మీ ఊరి ఆక్వేరియం క్లబ్బులో వెలుతురు కొలిచే పార్ మీటర్ అద్దెకు దొరికితే తెచ్చుకో. మెత్తటి కోరల్స్‌కు 50-100 సరిపోతుంది, ఆక్రోపోరాకు 200-300 కావాలి. నీళ్లు తిప్పే పవర్‌హెడ్ ధార నేరుగా ఒంటికి తగలకూడదు.

మొదటి కొన్ని రోజులు ముడుచుకునే ఉంటే కంగారుపడకు. పాలిపోతుంటే వెలుతురు తగ్గించు. గోధుమ రంగుకు తిరిగితే వెలుతురు చాలక కావచ్చు, నైట్రేట్ ఎక్కువై కావచ్చు. దానితో ప్రాణం పోదు. మొదలు నుంచి కండ ఊడుతుంటే మాత్రం ఆ రోజే నీళ్లు పరీక్షించు. లవణం 35 పీపీటీ, వేడి 25-26 డిగ్రీల సెల్సియస్, ఆల్కలినిటీ 8-9 డీకేహెచ్ దగ్గర నిలకడగా ఉంచు. అంకె కాస్త అటూఇటూ ఉన్నా ఫరవాలేదు, రోజుకోలా ఊగకూడదు. చోటు కూడా మాటిమాటికీ మార్చకు. గెలాక్సియా, టార్చ్ లాంటి కోరల్స్ పొడవాటి టెంటకిల్స్ చాచి పక్కవాటిని కుడతాయి, చుట్టూ జానెడు ఖాళీ వదులు.

ఇంకో మాట, సెలవుల్లో అండమాన్ వెళ్తున్నావట. అక్కడి నుంచి కోరల్ ముక్క కూడా తేవద్దు. మన దేశంలో రాతి కోరల్స్ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ట్యాంకుల్లో పెంచి కోసిన ముక్కలే (ఫ్రాగ్‌లు) కొనుక్కో.

ఈ నెల గడిచి ఇవి కుదురుకునేదాకా ఇంకో కోరల్ కొనకు. వారానికొకసారి, ఒకే వేళకు, తెల్ల లైటు కింద ఫొటో తీసి పంపు. నీలం లైటులో రంగు మోసం చేస్తుంది. ఫొటో చూసి వెలుతురు పెంచాలో ఆపాలో చెబుతాను.

మీ పెదనాన్న