వీణకు గుర్రమెందుకు?

లేపాక్షి శిల్పాల్లో వాద్యాలు పట్టుకున్నవారిని మన పరిగి పిల్లలు చూసే ఉంటారు. వీణలో మోగేది తీగే గదా అంటారా? సన్నని తీగ ఒంటరిగా కదిలించే గాలి బహు స్వల్పం. దాని కంపనాలను కుండకు చేరవేసేది తీగల కిందనుండే చిన్న చెక్క వంతెన. దానికి గుర్రమని పేరు. నవ్వకండి, బరువు మోసేది అదే మరి!

గుర్రంమీది లోహపు రేకు బల్లపరుపుగా ఉండదు, కాస్త వంపుగా ఉంటుంది. కిటుకంతా అక్కడే. తీగను సరిగ్గా మధ్యలో మీటారనుకోండి. అక్కడ అస్పందన బిందువు ఉండే 2వ, 4వ అనుస్వరాలు పుట్టకూడదని యంగ్ సూత్రం. కాని వీణలో, తంబురాలో అలాంటివి కూడా గట్టిగా పలుకుతాయని సి.వి. రామన్ 1921లో తెలియజేశారు. కంపించే తీగ ఆ వంపును తాకుతూ, విడుస్తూ ఉండడమే కారణం.

ఏళ్లతరబడి వాయిస్తే తీగల రాపిడికి రేకుమీద గాడులు పడతాయి. వంపు చెడి నాదం మొద్దుబారుతుంది. అంతమాత్రాన వీణను మార్చనక్కరలేదు, రేకును అరగదీయించి వంపు సరిచేయిస్తే చాలు. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవారు వంతెన మార్చేదీ నాదం కోసమే. అయితే అక్కడ తీగ సన్నని అంచుమీద ఆనుతుంది కనుక వీణలోని ఈ ఝంకారం రాదు.

తంబురా దొరికితే, గుర్రంమీద తీగకింద ఉండే నూలుపోగును తీసి ఒకసారి, సర్ది ఒకసారి మీటి వినండి.