కొనేవారి చూపు

దసరా సెలవులలో పట్టణ మైదానంలో వెలసే హస్తకళల ప్రదర్శనలో ఒకే బల్లపై రెండు చీరలు పక్కపక్కన కనిపించడం అరుదైన విషయం కాదు. రెండింటిపైనా పోచంపల్లి వజ్రాకారాలే. అదే ఎరుపు, అదే నలుపు. ఒకదాని వెల రెండవదానికి పదింతలు. కొనవచ్చిన ఇల్లాలు రెండింటినీ తాకి చూస్తుంది, వెల చీటీలు చదువుతుంది, చౌకైనదానిని సంచిలో వేసుకొని సాగిపోతుంది. ఆమెను తప్పుపట్టడానికి వీలులేదు. రెండు వస్తువుల మధ్య భేదం కంటికి ఆననప్పుడు వెల ఒక్కటే భేదంగా మిగులుతుంది. ఆ బేరంలో ఓడిపోయినవాడు మాత్రం అక్కడ లేడు. ఎక్కడో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుని ఉన్నాడు.

ఆ రెండు చీరల భేదం వాటి పుట్టుకలోనే ఉన్నది. అచ్చు వేసిన చీరలో ముందు బట్ట పుడుతుంది, తరువాత దానిపై బొమ్మ పడుతుంది. ఇక్కత్‌లో బట్ట పుట్టకముందే బొమ్మ పుడుతుంది. పట్టుదారాన్నో, నూలునో ఆసు పోసి, నమూనా ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, వేరొక రంగు కోసం వేరొక చోట మళ్లీ కడతారు. ఈ పనితనానికి ‘చిటికి’ అని పేరు. తునకలు తునకలుగా రంగు పట్టిన ఆ దారాలను మగ్గంపై వరుసగా కూర్చినప్పుడు వజ్రమో, చిలుకో, ఏనుగో రూపం దాలుస్తుంది. దారం వెంట్రుకవాసి జరిగినా ఆ రూపం చెదురుతుంది. ఎంత నేర్పరికైనా కొంత చెదరడం తప్పదు. అందువల్లనే అసలైన ఇక్కత్‌లో బొమ్మ అంచులు గీత గీసినట్లు ఉండవు. నీటిలో పడిన నీడవలె కొద్దిగా కరిగినట్లు ఉంటాయి. దుకాణంలో దీనిని లోపమని ఎంచి పక్కన పెట్టేవారు చాలామంది. నిజానికి అది చేతి సంతకం.

చీరను తిరగవేసి చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. దారానికే రంగు వేశారు కనుక ఇక్కత్‌కు రెండు వైపులా రంగు సమానంగా ఉంటుంది. కొంగు కుచ్చులో ఒక పోగును వేరుచేసి చూస్తే, ఆ ఒక్క పోగే కొంత మేర ఎర్రగా, కొంత మేర తెల్లగా కనిపించవచ్చు. అచ్చు చీర వెనుకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. అయితే మరమగ్గంపై నేసిన ఇక్కత్ కూడా బజారులో ఉన్నది కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు. నేసేటప్పుడు బట్టను వెడల్పుగా బిగించి ఉంచే కర్ర మొనలు గుచ్చుకొని అంచు పొడవునా సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. చేనేతను గుర్తుపట్టడానికి అనుభవజ్ఞులు వాటికోసం వెదుకుతారు. కేంద్ర ప్రభుత్వం 2006లో ప్రవేశపెట్టిన చేనేత ముద్ర ఉన్నదా అని చూడటమూ మంచిదే.

కలంకారీ విషయంలో మన భాషే ఒక దారి చూపుతుంది. ‘కలం’, ‘కారీ’ అన్నవి పారశీక పదాలు. కలంతో చేసే పని అని అర్థం. తెలుగునాట శ్రీకాళహస్తిలో దీనిని ‘వ్రాతపని’ అన్నారు. మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్కిన కొయ్య అచ్చులతో చేసేది ‘అద్దకం’. ఈ రెండు మాటలు మనసులో ఉంచుకొన్నవారు దుకాణంలో సగం మోసం నుండి తప్పించుకోగలరు. వ్రాతపనిలో ఒకే కొమ్మపై ఉన్న రెండు ఆకులు కూడా అచ్చంగా ఒకే తీరుగా ఉండవు. అద్దకంలో ఆకులు ఒకే తీరుగా ఉన్నా, ఒక అచ్చు పక్కన మరొక అచ్చు ఆనించిన చోట సన్నని అతుకు కనిపిస్తుంది. ఆకులన్నీ ఒకే తీరుగా ఉండి, అతుకు ఎక్కడా లేకుండా, రంగులు కళ్లు చెదిరేలా మెరుస్తుంటే అది యంత్రపు అచ్చు కావచ్చునని అనుమానించాలి.

వ్రాతపని ఎంత నెమ్మదిగా సాగుతుందో తెలిస్తే దాని వెల ఎక్కువ అనిపించదు. ముతక నూలుబట్టను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండలో ఆరవేస్తారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనీయదు. పాత ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో నాళ్ల తరబడి పులియబెట్టి నల్లసిరా తీస్తారు. ఆ ద్రవం కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడుతుంది. ఇనుముకూ కరక్కాయలోని వగరుకూ జరిగే రసాయనిక చర్య అది. మొన దగ్గర గుడ్డ లేదా ఉన్ని చుట్టిన వెదురు పుల్లే కలం. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూసి, బట్టను వేర్ల రంగుతో ఉడికిస్తారు. ప్రతి దశ తరువాతా పారే నీటిలో ఉతకాలి. మబ్బు పట్టినా, ఏట్లో నీరు లేకపోయినా పని ఆగిపోతుంది. శ్రీకాళహస్తి తెరలపై రామాయణ భారత ఘట్టాల కింద తెలుగు అక్షరాలలో కథ రాయడం ఒక సంప్రదాయం. ఆ తెరను కొనేవారు బొమ్మతోపాటు ఒక గ్రంథాన్ని కూడా ఇంటికి తెచ్చుకుంటున్నారన్నమాట. ఈ కళకు జీవితాన్ని ధారపోసిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ లభించింది.

కొనేవారి ఇష్టానికి ఎంత బలమున్నదో మచిలీపట్నం రేవు ఒకనాడు చూసింది. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు, ఆంగ్లేయులు ఇక్కడి అద్దకపు బట్టలను ఓడలకెత్తుకొని పోయారు. భారతదేశపు రంగుబట్టలపై ఐరోపా స్త్రీల మోజు ఎంతగా పెరిగిందంటే, తమ నేతగాళ్లను కాపాడుకొనడానికి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో వాటిని నిషేధిస్తూ చట్టాలు చేయవలసి వచ్చింది. కాలక్రమంలో అక్కడి మిల్లులే అచ్చు బట్టను చౌకగా తయారుచేసి మన బజారులకు పంపాయి. నకలు అసలును తరిమివేయడం నేటి ముచ్చట కాదు.

బొమ్మల విషయం కొంత సులువు. తెల్లపొణికి కొయ్యతో చేసిన కొండపల్లి బొమ్మ చేతిలోకి తీసుకోగానే దాని తేలికదనం తెలిసిపోతుంది. తల, చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల బంక, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుతుంది. అక్కడి ప్రకృతిసిద్ధమైన రంగులను తిరిగి వాడుకలోకి తేవడానికి కృషి చేసిన సి.వి. రాజు గారు 2023లో పద్మశ్రీ అందుకొన్నారు. పసిపిల్లలు నోట పెట్టుకొనే బొమ్మలకు ఈ రంగులు ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక చట్టం మాట. భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చి, 2003లో అమలైంది. దేశంలో తొలినాళ్లలోనే ఆ గుర్తింపు పొందినవాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. దీనివల్ల ఆ పేరును ఇతరులు వాడుకోకుండా అడ్డుకొనే హక్కు లభించింది. కాని ప్రతి సంత బల్ల దగ్గరా చట్టం నిలబడి ఉండదు. అచ్చు బట్టను అచ్చు బట్టగా అమ్మడంలో తప్పేమీ లేదు; తక్కువ ఆదాయం గలవారికి అది అవసరం కూడా. దానికి ఇక్కత్ అనీ, కలంకారీ అనీ పేరు పెట్టడమే దోషం. అందుచేత ‘‘ఎంత?’’ అని అడిగేముందు ‘‘ఇది ఎక్కడ నేసింది, అచ్చా, అద్దకమా, వ్రాతపనా?’’ అని అడగడం కొనేవారి హక్కు. తెలిసిన అమ్మకందారు సంతోషంగా చెబుతాడు. తెలియనివాడు మాట మారుస్తాడు. ఆ మాట మార్చడమే ఒక జవాబు.

చేతి పని అంటే యంత్రం నీడ కూడా పడరాదని కొందరి పట్టుదల. అది సరికాదు. ఒక చీరకు ఆసు పోయడానికి చేయి సుమారు 9,000 సార్లు ఇటూ అటూ తిరగాలి. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవారిదే. భుజం నొప్పితో బాధపడే తల్లిని చూసి, పెద్ద చదువు లేని చింతకింది మల్లేశం 1992లో ఆసు యంత్రం కోసం ప్రయత్నం మొదలుపెట్టి 1999లో సాధించారు. 2017లో పద్మశ్రీ పొందారు. ఆ యంత్రంపై ఆసు పోసిన దారానికి కట్లు కట్టేదీ, మగ్గంపై నేసేదీ చేయే కనుక ఆ చీర చేనేత కాకుండా పోదు. యంత్రానికి ఆయన తన తల్లి లక్ష్మి పేరే పెట్టారు.