కొబ్బరి పొట్టు: చౌక దిమ్మె లాభమా, ఖరీదు దిమ్మె లాభమా?

అనంతపురం మెట్టసీమలో కొబ్బరితోటలు తక్కువ. అయినను కొబ్బరి పొట్టు వాడకము మాత్రము పల్లెలకు కూడ వచ్చినది. టమాట, మిరప నారు పెంచు ట్రేలలోను, ఇంటి అరుగు మీది పూలకుండీలలోను దీనిని వాడుచున్నారు. దీనినే దుకాణములలో కోకోపీట్ అందురు. రైతు దుకాణమునకు పోగానే రెండు రకముల దిమ్మెలు కనబడును. ఒకటి చౌక, రెండవది ఖరీదు. రెండింటి రంగు, రూపము ఇంచుమించు ఒక్కటే. ఏది కొనవలెను?

ఈ ప్రశ్నకు జవాబు దిమ్మెలో సగము, మన బోరు నీటిలో సగము ఉన్నది. ఖరీదు దిమ్మెకు మనము ఎక్కువగా ఇచ్చు డబ్బు చాలవరకు దానిని కడిగిన మంచినీటి వెల. మన ప్రాంతమున కరవైనది ఆ మంచినీరే. కావున దుకాణమునకు పోవుటకు ముందే తన నీటి సంగతి రైతు తెలిసికొనవలెను.

పొట్టు అనగా నేమి?

కొబ్బరి డొక్కనుండి పీచు తీసిన తరువాత మిగులు గోధుమరంగు పొడియే పొట్టు. ఒకప్పుడు పీచు మిల్లుల ప్రక్కన దీనిని పనికిరాని చెత్తగా గుట్టలు పోసెడివారు. ఇప్పుడు ఎండబెట్టి, యంత్రముతో అదిమి, 5 కిలోల దిమ్మెలుగాను, 650 గ్రాముల ఇటుకలుగాను అమ్ముచున్నారు. తమిళనాడులో పొల్లాచ్చి, మన మడకశిరకు పొరుగుననున్న కర్ణాటకలోని తుమకూరు జిల్లా, మన రాష్ట్రములో కోనసీమ కొబ్బరికి పేరుపొందిన ప్రాంతములు.

పొట్టు తన బరువుకు అయిదారు రెట్ల నీటిని పట్టి ఉంచును. అయినను రేణువుల నడుమ గాలి ఆడును. మన ఎర్రనేల మట్టిని ఒంటిగా కుండీలో పోసినచో నాలుగు తడులకే గట్టిపడి నీరు ప్రక్కలనుండి జారిపోవును. పొట్టు కలిపినచో ఆ గట్టిదనము తగ్గును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ప్రాంతములో ఇది చిన్న మేలు కాదు.

అయితే పొట్టు ఎరువు కాదు. దానిలో నత్రజని మిక్కిలి తక్కువ. పచ్చి పొట్టులో కర్బనము నత్రజనికి 100 రెట్లకు మించి ఉండును. అట్టి పొట్టు క్రుళ్ళుటకు మొదలిడినపుడు మొక్కకు అందవలసిన నత్రజనిని సూక్ష్మజీవులే లాగుకొనును. ఆకులు పాలిపోవును.

రెండు దిమ్మెలకు భేదమేమి?

కొబ్బరిచెట్టు ఉప్పునకు ఓర్చు చెట్టు. దాని డొక్కలో పొటాషియం, సోడియం, క్లోరైడు సహజముగనే అధికము. సముద్రతీరమున డొక్కలను ఉప్పుకయ్యలలో నానబెట్టినచో ఉప్పు మరింత చేరును. దీనిని బట్టి సంతలోని పొట్టు మూడు తరగతులుగా నుండును.

1. కడుగని పొట్టు. దీనినే ఎక్కువ ఇ.సి. గల పొట్టు అందురు. ఇ.సి. అనగా నీటిలో కరిగియున్న ఉప్పును తెలుపు అంకె. ఈ పొట్టులో ఇ.సి. 1 డెసిసైమన్‌కు మించియుండును; కొన్నిటిలో 2, 3 వరకును పోవును.

2. కడిగిన పొట్టు. మంచినీటితో పలుమార్లు కడిగి ఎండబెట్టినది. ఇ.సి. సాధారణముగా 0.5 డెసిసైమన్‌కు లోపుగా నుండవలెను.

3. కడిగి, కాల్షియం పట్టించిన పొట్టు. ఉప్పులో కొంత నీటిలో విడిగా నుండును. అది కడిగిన పోవును. కొంత పొట్టు రేణువులకు అంటియుండును; అది వట్టినీటికి పోదు. తరువాత మనము వేయు కాల్షియం, మెగ్నీషియములను పొట్టు పట్టుకొని, వాని బదులు సోడియం, పొటాషియములను వేళ్ళకు వదలును. దీనిని నివారించుటకై కాల్షియం నైట్రేటు నీటిలో నానబెట్టుదురు. అన్నింటికన్న ఖరీదైనది ఇదియే.

ముందు మన నీటిని పరీక్షింపవలెను

ఏ నీటితో కడిగినను, ఆ నీటిలోని ఉప్పుకన్న తక్కువకు పొట్టును దింపలేము. ఇది రైతు మరువరాని మాట. బోరు నీటి ఇ.సి. 1.5 అయినపుడు, ఆ నీటితో పదిసార్లు కడిగినను పొట్టు 0.5 కు దిగదు. నీరును, కూలియును వ్యర్థము.

బోరు నీటిని శుభ్రమైన సీసాలో పట్టి భూసార పరీక్షాశాలకుగాని, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రము వంటి సంస్థకుగాని చూపించి ఇ.సి. అంకె తెలిసికొనవలెను. పిదప ఇట్లు నిర్ణయించుకొనవచ్చును.

ఇ.సి. 0.75 కు లోపు: చౌక పొట్టును కొని ఇంటివద్దనే కడుగవచ్చును.

0.75 నుండి 1.5 వరకు: మొదటి కడుగులు బోరు నీటితోను, చివరి కడుగు వాననీటితోను చేయవలెను.

1.5 కు పైన: బోరు నీటితో కడుగరాదు. వాననీరు నిలువ ఉన్ననే చౌక పొట్టు. లేనిచో కడిగిన పొట్టే కొనవలెను.

మూడవ తరగతి నీరు గలవారు మరియొక సంగతి కూడ గమనింపవలెను. ఎంత ఖరీదైన పొట్టు కొన్నను, అదే ఉప్పునీరు దినదినము పోసినచో కొద్ది వారములలో ఆ పొట్టు చౌక పొట్టు వలెనే యగును. అట్టివారు నారుమడికి కావలసిన నీటినైనను వాననీటినుండి సమకూర్చుకొనుట మేలు.

కొనునపుడు చేయు పరీక్షలు

నాలుగైదు దిమ్మెలు కావలసియున్నను మొదట ఒక్కటే తెచ్చి చూడవలెను.

ఉబ్బు పరీక్ష: దిమ్మెను తొట్టిలో నుంచి 20-25 లీటర్ల నీరు పోయవలెను. మంచి 5 కిలోల దిమ్మె ఉబ్బి 60 నుండి 75 లీటర్ల పొట్టు అగును. ఉబ్బిన పొట్టును బకెట్టుతో కొలువవలెను. తూకము చూచి కొనుట మోసపోవుటకు దారి. ఇసుక, మట్టి, తేమ కూడ తూగును.

ఇసుక పరీక్ష: పిడికెడు పొట్టును గాజు గ్లాసు నీటిలో కలిపి కదలక ఉంచినచో ఇసుక అడుగున దిగును.

ఇ.సి. పరీక్ష: ఒక గ్లాసు ఉబ్బిన పొట్టుకు ఒకటిన్నర గ్లాసుల వాననీరు కలిపి అరగంట ఉంచి, గుడ్డలో వడియగట్టి, ఆ నీటిలో ఇ.సి. మీటరు ముంచి చూడవలెను.

మొలక పరీక్ష: మీటరు లేనివారికి ఇది చాలును. ఒక మూకుడులో కొన్న పొట్టును, రెండవ దానిలో అదే పొట్టును వాననీటితో బాగుగా కడిగియు నింపి, ఒక్కొక్క దానిలో 20 ఆవగింజలు చల్లవలెను. రెండింటికిని వాననీరే పోయవలెను. వారము దినముల పిమ్మట లెక్కించినచో, రెండును సమముగా మొలచి సమముగా పెరిగిన ఆ పొట్టు మంచిది. కడుగని దానిలో మొలకలు తగ్గినను, వేరు కొనలు గోధుమరంగు తిరిగినను, దానిని కడుగక వాడరాదు.

ధర లెక్క

ఉదాహరణకు ఒక దిమ్మె 200 రూపాయలు, ఉబ్బిన తరువాత 50 లీటర్లు అనుకొందము. రెండవది 260 రూపాయలు, 70 లీటర్లు అనుకొందము. మొదటి దానికి లీటరు 4 రూపాయలు. రెండవ దానికి 3 రూపాయల 71 పైసలు. చౌక అనుకొన్నదే ప్రియమైనది. ఇక దీనికి కడుగు నీరు, కూలి కలుపవలెను.

ఇప్పుడు ఎకరము టమాట నారును చూతము. దూరపు సాళ్ళలో నాటుటకు సుమారు 8,000 మొక్కలు కావలెను. 98 గుంటల ట్రేలు 82 అగును. తడిపిన పొట్టు ట్రేకు ఒక కిలో 200 గ్రాములు పట్టును. ఒక 5 కిలోల దిమ్మె 25 ట్రేలకు సరిపోవును. మొత్తము 4 దిమ్మెలు. ఒక్కొక్క దిమ్మెను ఉబ్బించుటకు 25 లీటర్లు, మూడు కడుగులకు కడుగుకు 60 లీటర్ల వంతున 180 లీటర్లు, వెరసి 205. నాలుగు దిమ్మెలకు 820 లీటర్లు.

ఇంత నీరు వేసవిలో ట్యాంకరుతో తెప్పించుకొనువానికి చౌక దిమ్మె చౌక కాదు. కాని 40 చదరపు మీటర్ల మిద్దె మీద 25 మిల్లీమీటర్ల వాన పడినచో 1000 లీటర్లు కురియును. అయిదవ వంతు వృథా పోయినను 800 లీటర్లు దక్కును. ఒక్క మంచి వానతో ఎకరము నారుకు కావలసిన పొట్టు కడుగుట ఇంచుమించు పూర్తి యగును. మన జిల్లాలో వానలు హెచ్చుగా కురియు నెల సెప్టెంబరు. చలికాలపు, వేసవి నారులకు కావలసిన పొట్టును ఆ దినములలోనే కడిగి, నీడన ఆరబెట్టి, సంచులలో నిలువ చేసికొనవలెను.

ఆదా చేయబోయి నారు పోగొట్టుకొనుట అన్నింటికన్న పెద్ద నష్టము. టమాట నారు నాటుటకు సిద్ధమగుటకు 21 నుండి 25 దినములు పట్టును. ఉప్పు పొట్టులో నారు మాడినచో సంకర విత్తనపు ఖర్చు ఒక్కటే కాదు, ఆ 25 దినములును పోవును. మన సీమలో వాన అదను తప్పిన తిరిగి రాదు.

చౌక పొట్టును బాగుచేయు విధము

దిమ్మెను ఉబ్బించి గోనెసంచిలోగాని, అడుగున రంధ్రములు గల తొట్టిలోగాని నింపవలెను. నీరు పోసి గంటసేపు నాననిచ్చి పూర్తిగా కారనీయవలెను. ఇట్లు మూడుసార్లు. పిమ్మట లీటరు నీటికి 3-4 గ్రాముల కాల్షియం నైట్రేటు కలిపి, పొట్టు మునుగునట్లు పోసి ఒక రాత్రి ఉంచి, మరునాడు ఒకసారి మంచినీటితో కడుగవలెను. ఈ నీటిలో సల్ఫేటు, ఫాస్ఫేటు ఎరువులు కలుపరాదు. కలిపిన కాల్షియం సున్నపు ముద్దవలె పేరుకొని పనికిరాకుండ పోవును.

మొదటి కడుగు నీటిని పూలమొక్కలకు పోయరాదు. పెరటిలో కొబ్బరిచెట్టు ఉన్నచో దాని పాదునకు మళ్ళింపవచ్చును. అది ఉప్పునకు ఓర్చును, పొటాషియమును కోరును.

ఏ మొక్కకు ఏ పొట్టు?

ట్రే నారు, గులాబి, మల్లె, ఆంథూరియం, ఫెర్న్ మొక్కలు ఉప్పునకు ఓర్వవు. వీనికి కడిగిన పొట్టే కావలెను. కాల్షియం పట్టించినది మరింత శ్రేష్ఠము. క్రోటను, మనీప్లాంటు, మందారములకు ఇంటివద్ద కడిగినది చాలును. కలబంద, కాగితపు పూల తీగ మొండివి. వీనికి ఖరీదు దిమ్మె కొనుట దండుగ.

కుండీకి పొట్టు ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు లేక వానపాముల ఎరువు ఒక పాలు కలుపవలెను. పైపొర ఎండినట్లు కనబడినను లోపల తడి యుండును. వ్రేలు రెండు అంగుళములు దింపి చూచియే నీరు పోయవలెను. నెలకొకసారి కుండీ అడుగునుండి కారునంతగా వాననీరు పోసినచో చేరిన ఉప్పు దిగిపోవును.

డ్రెసీనా, స్పైడర్ మొక్కల ఆకు కొనలు మాడినపుడు వెంటనే పొట్టును నిందింపరాదు. మన జిల్లాలో అనేక గ్రామముల బోరు నీటిలో ఫ్లోరైడు అధికము. ఈ మొక్కలు ఫ్లోరైడునకు ఓర్వవు. వీనికి వాననీరే మందు.

చీని తోటల పాదులలో తేమ నిలుచుటకై చౌక పొట్టును పరచువారు జాగ్రత్త పడవలెను. చీని క్లోరైడునకు ఓర్వదు. పొట్టును ఒక వానకాలము బయట పోసి కడుగనిచ్చి, క్రుళ్ళబెట్టిన పిమ్మటనే వాడవలెను. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, కిలోన్నర ప్లూరోటస్ పుట్టగొడుగు విత్తనము పొరలు పొరలుగా వేసి తడి ఆరకుండ ఉంచినచో, సుమారు నెల దినములలో నల్లని ఎరువగును. కర్బనము నత్రజనికి 24 రెట్లకు దిగును. ఇట్టి పనికి చౌక పొట్టే తగినది.

గుర్తుంచుకొనవలసినవి

1. పొట్టు కొనుటకు ముందు బోరు నీటి ఇ.సి. తెలిసికొనుడు.
2. తూకము గాక, ఉబ్బిన లీటర్లను బట్టి ధర కట్టుడు.
3. మొలక పరీక్ష చేయక ట్రేలు నింపకుడు.
4. నారునకును, సుకుమారపు మొక్కలకును కడిగిన పొట్టు. మొండి మొక్కలకును, ఎరువునకును చౌక పొట్టు.
5. సెప్టెంబరు వానను మిద్దెనుండి పట్టుడు. వాననీరు నిలువ ఉన్నవానికి చౌక దిమ్మెయే లాభము. లేనివానికి ఖరీదు దిమ్మెయే చౌక.