నమ్మి చెప్పిన మాట

నలుగురిని నమ్మి చెప్పిన మాటను కొన్నేళ్ల తరువాత లోకమంతటికీ చూపవచ్చునా? డెబియన్ అనే స్వచ్ఛంద బృందానికి ఈ చిక్కే వచ్చింది.

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన ఈ బృందంలో అనేక దేశాలవారు చేరి, కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేరును తయారుచేసి ఉచితంగా పంచుతారు. వారు ఒకరికొకరు వ్రాసుకొనే ఈమెయిల్ ఉత్తరాలు చాలావరకు బహిరంగమే. సభ్యులు మాత్రమే చదివే చర్చ కూడా ఒకటి ఉన్నది. ఫలానా రోజులలో ఊళ్లో ఉండమని చెప్పుకొనేది అక్కడే. అటువంటి సంగతి దొంగ చెవిన పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు!

చరిత్రకు పనికివచ్చే ఆ ఉత్తరాలను మూడేళ్లు దాటాక బయటపెట్టాలని 2005లో సభ్యులు ఓటువేసి తీర్మానించారు. అయితే వ్రాసినవారికే కాక, అందులో ఎవరి మాటలు ఎత్తి వ్రాశారో వారికి కూడా ముందుగా తెలపాలి; నాలుగు నుండి ఎనిమిది వారాల గడువివ్వాలి. వ్రాసినవారు వద్దంటే ప్రచురించరాదు. ఇది న్యాయమైన షరతు. ఉత్తరం ఒకరిదే అయినా అందులోని సంగతులు పలువురివి.

మరి జవాబు రాకపోతే? మౌనం అర్ధాంగీకారమంటారు. చిరునామా మారినవారి మౌనాన్ని, మరణించినవారి మౌనాన్ని కూడా అలాగే లెక్కించవచ్చునా? ఇన్ని ఉత్తరాలు చదివి ఒక్కొక్కరిని అడగడం తేలిక కాదు. ఆ పని ముందుకు సాగలేదు. 2016లో మరల ఓటువేసి పాత తీర్మానాన్ని రద్దుచేశారు.

బహిరంగ చర్చల సంగతి వేరు. వాటి ప్రతులు ఎన్నోచోట్ల నిలిచిపోతాయి. ఒకచోట తుడిచినా మరొకచోట ఉంటాయి. మీ పిల్లలు ఇటువంటి సేవలో ఉంటే, ఏ చర్చ ఎవరికి కనిపిస్తుందో వారిని అడగండి. తోటివాని జబ్బు సంగతి అక్కడ వ్రాసే ముందు ఆ తోటివానిని అడిగారా అని కూడా అడగండి.