డ్రోన్లు – గగనతల రక్షణ

పూర్వం ఆకాశం నుంచి దాడి చేయాలంటే సాధారణంగా ఖరీదైన విమానం, శిక్షణ పొందిన పైలట్ కావాల్సి వచ్చేది. డ్రోన్ల రాకతో ఈ పరిస్థితి మారింది. 2022 ఫిబ్రవరిలో మొదలైన రష్యా–ఉక్రెయిన్ యుద్ధం ఇందుకు ఉదాహరణ.

రష్యా అదే సంవత్సరం ఇరాన్ తయారుచేసిన షాహెద్-136 డ్రోన్లను ప్రయోగించింది. ఇవి గంటకు సుమారు 180 కి.మీ. వేగంతో వెళ్లి, లక్ష్యాన్ని ఢీకొని పేలిపోతాయి. ఒక్కోదాని ధర 20 వేల నుంచి 50 వేల డాలర్లని అంచనా. దాన్ని కూల్చే ఆధునిక పేట్రియాట్ క్షిపణి ధర సుమారు 40 లక్షల డాలర్లు! అంటే డ్రోన్ కూలినా ఖర్చు రక్షించుకునేవారికే ఎక్కువ. పైగా క్షిపణులు నిండుకున్న రోజున ఆస్పత్రులకు, విద్యుత్ కేంద్రాలకు రక్షణ ఉండదు. అందుకే ఉక్రెయిన్ డ్రోన్లపైకి వాహనాలపై అమర్చిన మెషిన్ గన్లను, చవకైన ఎదురు డ్రోన్లను పంపి, పేట్రియాట్లను బాలిస్టిక్ క్షిపణుల కోసం పొదుపు చేసింది.

గ్లైడ్ బాంబు మరో సమస్య. పాత బాంబుకు రెక్కలు, ఉపగ్రహ సంకేతాలతో దారి చూపే పరికరం అమర్చి, విమానం నుంచి పదుల కిలోమీటర్ల దూరంలోనే జారవిడుస్తారు. ఇక్కడ బాంబును కూల్చడం కంటే విమానాన్ని దగ్గరకు రానివ్వకపోవడమే మేలు. దీనికి దూరశ్రేణి క్షిపణులు కావాలి.

కాబట్టి రక్షణ అంచెలంచెలుగా ఉండాలి. హైదరాబాద్‌లోని డి.ఆర్.డి.ఎల్. రూపొందించిన ఆకాశ్ క్షిపణి, సుమారు 25 కి.మీ. పరిధితో, అలాంటి ఒక అంచె. గగనతల రక్షణకు గురి ఎంత ముఖ్యమో లెక్క కూడా అంతే ముఖ్యం.