రెండు భాషల నడుమ పసిబిడ్డ

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడేంతవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. అందువల్ల బరంపురంలో తెలుగు నిన్న మొన్న వచ్చిన భాష కాదు. నగరంలోని నేతగాళ్ల వీధుల్లోను, గోపాల్‌పూర్ వైపు సముద్రతీరాన ఉన్న జాలరి పల్లెల్లోను అది తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. వ్యాపారం, కట్టడపు పని, ఉద్యోగం వంటి కారణాలతో శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కుటుంబాలు కూడా వచ్చి స్థిరపడుతున్నాయి. పాత కుటుంబాల పిల్లలు వీధిలో ఆడుకుంటూనే ఒడియా నేర్చుకుంటారు. కొత్తగా వచ్చినవారి పిల్లలు మాత్రం ఆ భాషను తరచు శిశుసంరక్షణ కేంద్రం గుమ్మంలోనే, తల్లి చేయి వదిలిన తరువాతనే, మొదటిసారిగా వింటారు.

ఆ గుమ్మం దాటిన బిడ్డకు ఆరోగ్యం, చదువు, ఆట అనే మూడు అవసరాలుంటాయి. ఈ మూడింటినీ కలిపే దారం ఒకటే: బిడ్డ చెప్పదలచినది దగ్గరున్న పెద్దలకు అర్థం కావడం. ఆ దారం తెగకుండా చూసే బాధ్యత కేంద్రానికి ఎంత ఉందో ఇంటికీ అంతే ఉంది.

ఏ కేంద్రం ఎవరికి

1975 అక్టోబరు 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ప్రారంభమైంది. అంగన్‌వాడీ కేంద్రాలు ఆ పథకం కిందివే. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైనప్పుడు ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ, ఆరోగ్య విషయాల బోధన, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అనే ఆరు సేవలను ఈ పథకం అందిస్తుంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం నిర్దేశించింది. కనుక ఆ ఆహారం ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. అది బిడ్డ హక్కు. కుటుంబం ఏ రాష్ట్రం నుంచి వచ్చినదైనా బిడ్డ ఆకలి ఒకటే.

అంగన్‌వాడీ రోజులో కొన్ని గంటలు మాత్రమే నడుస్తుంది. తల్లి పనిగంటలు అంతకంటె ఎక్కువ. ఈ వెలితిని పూడ్చడానికి ఉద్దేశించినవే శిశుసదనాలు. జాతీయ శిశుసదనాల పథకం 2022 నుంచి ‘పాల్నా’ అనే పేరుతో కొనసాగుతోంది. జాతీయ పథకపు మార్గదర్శకాలు శిశుసదనం రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉండాలని, 25 మంది పిల్లలకు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండాలని సూచించాయి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశుసదన సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవడానికి అనుమతించాలని ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో జరిగిన సవరణ చెప్పింది. పనిలో చేరే తల్లులు ఈ సౌకర్యం గురించి మొదటి రోజే అడగడం మంచిది.

మాట తెలియనప్పుడు

మూడేళ్ల బిడ్డ తన బాధను ఒకటి రెండు మాటల్లోనే చెప్పగలడు. ఆ మాటలు దీదీకి అర్థం కాకపోతే ఏడుపు ఒక్కటే మిగులుతుంది. ఆకలికీ, చెవిపోటుకీ, భయానికీ ఏడుపు ఒకేలా ఉంటుంది. దానిని మారాం అనుకొని ఊరుకోబెట్టే ప్రయత్నంలో జ్వరం ముదిరిపోవచ్చు.

తెలుగుకూ ఒడియాకూ ఉమ్మడిగా ఉన్న సంస్కృత పదాలు ఇక్కడ కొంత ఆదుకుంటాయి. తెలుగులో జ్వరం ఒడియాలో ‘జర’, వాంతి ‘బాంతి’, నిద్ర ‘నిద’. కొన్ని మాటలు మాత్రం దారి తప్పిస్తాయి. తెలుగులో పేట అంటే ఊరిలో ఒక భాగం, ఒడియాలో ‘పేట’ అంటే కడుపు. తెలుగులో శోష వచ్చిందంటే సొమ్మసిల్లడం, ఒడియాలో ‘శోష’ అంటే దాహం. బిడ్డకు ‘శోష’ అని దీదీ చెబితే కొత్తగా వచ్చిన తల్లి గుండె ఝల్లుమంటుంది. దీదీ అడిగినది మంచినీళ్లు మాత్రమే.

కాబట్టి బిడ్డను చేర్చిన రోజునే తల్లిదండ్రులు ఒక చిన్న కాగితం తయారుచేసి ఇవ్వాలి. అందులో బిడ్డ వాడే పది పన్నెండు మాటలు ఒడియా లిపిలో, పక్కనే వాటి అర్థం రాయించాలి. ఆకలి అంటే ‘భోక’, దాహం అంటే ‘శోష’, నీళ్లు అంటే ‘పాణి’, కడుపు అంటే ‘పేట’, విరేచనాలు అంటే ‘ఝాడా’. మల మూత్రాలకు బిడ్డ వాడే ఇంటి మాటను తప్పక చేర్చాలి. అది ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా ఉంటుంది. అది అర్థం కాక బట్టలు తడిసిన బిడ్డ సిగ్గుపడి మరునాడు కేంద్రానికి రానంటాడు. ఒడియా రాయడం వచ్చిన పొరుగువారు ఈ కాగితాన్ని పావుగంటలో రాసిపెట్టగలరు.

ఆరోగ్యం: కేంద్రం పని, ఇంటి పని

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం తెలుగువారి ఆచారం. బరంపురంలో కాపురముండే తల్లి ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో ప్రసవించి, తొలి టీకాలు అక్కడే వేయించి, నాలుగైదు నెలల బిడ్డతో తిరిగి రావడం కద్దు. అటువంటప్పుడు మాతాశిశు సంరక్షణ కార్డు పుట్టింటి బీరువాలో ఉండిపోకూడదు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు, తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా, 16 నుంచి 24 నెలల మధ్య దాని రెండో మోతాదు, బూస్టర్లు జాతీయ పట్టిక ప్రకారం ఏ రాష్ట్రంలోనైనా కొనసాగించవచ్చు. నీళ్ల విరేచనాలను అరికట్టే రోటావైరస్ టీకాను 2016లో దేశంలో మొదటగా ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ ఉన్నాయి. సరిహద్దు దాటినంత మాత్రాన టీకాల క్రమం తెగిపోనవసరం లేదు. అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్‌లోను బిడ్డ పేరును ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి మార్చే వీలుంది. ఊరు మారేముందు పాత కేంద్రంలోను, చేరిన వెంటనే కొత్త కేంద్రంలోను ఆ సంగతి తెలియజేయాలి.

ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అవసరం లేదు. ఆ తరువాత తల్లిపాలతోపాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. ఒడిశాలో మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికి ఇచ్చే ‘ఛతువా’ గోధుమ, శనగ, వేరుశనగ, చక్కెరలతో తయారవుతుంది. రుచి కొత్తది కావడంతో కొన్ని ఇళ్లలో అది డబ్బాలోనే ఉండిపోతుంది, లేదా ఇంటిల్లిపాదికీ పంచబడుతుంది. దానిని పాలతోనో నీళ్లతోనో జావగా కాచి, తెలుగింటి రాగిజావ పెట్టినట్లే బిడ్డకు పెట్టవచ్చు. ఆ పొట్లం బిడ్డ వంతు. దానిలో ఇతరులకు వాటా లేదు.

బిడ్డ బరువును కేంద్రంలో క్రమం తప్పక తూచి, పెరుగుదల పట్టికలో గుర్తిస్తారు. ఆ గీత పైకి పోతున్నదా, నిలిచిపోయిందా అని తల్లిదండ్రులు చూపించమని అడగాలి. ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు బిడ్డ భుజం, మోచేయి నడుమ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గితే పోషణలోపం ఉన్నట్లు; 11.5 సెంటీమీటర్లకు తగ్గితే అది తీవ్రమైనట్లు. అప్పుడు వైద్యసహాయం ఆలస్యం చేయరాదు.

విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దానిపై రాసిన కొలత ప్రకారం శుభ్రమైన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. కలిపిన నీటిని 24 గంటలు దాటాక వాడకూడదు. ఆరోగ్య కార్యకర్త ఇచ్చే జింకు మాత్రలను, విరేచనాలు తగ్గినా, 14 రోజులు పూర్తిగా వేయాలి. బిడ్డ ఏమీ తాగలేకపోయినా, తిన్నదంతా కక్కుతున్నా, మూర్ఛ వచ్చినా, మగతగా పడి ఉన్నా, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, మలంలో నెత్తురు పడినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయకూడదు. 108కి ఫోను చేయాలి. నగరంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

తుఫానుల విషయం వేరుగా చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ సమీపంలో తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరాన్ని తాకి శ్రీకాకుళాన్నీ గంజాంనూ కలిపి దెబ్బతీసింది. హెచ్చరిక వెలువడిన రోజున బిడ్డను ఎవరు తీసుకువెళ్లాలో కేంద్రానికి ముందే తెలిసి ఉండాలి. తల్లి, తండ్రి కాక మరొక నమ్మకమైన వ్యక్తి పేరు, ఫోను నంబరు అక్కడ రాయించి ఉంచాలి. తుఫాను వెళ్లిన తరువాత కొన్నాళ్లు నీటిని కాచి చల్లార్చి తాగించాలి.

ఆటలో చదువు

మహారాష్ట్రలో తారాబాయి మోడక్ 1945లో నాటి ఠాణే జిల్లాలోని బోర్డీలో పిల్లల బడి ప్రారంభించారు. గిరిజన పిల్లలు బడికి రాలేకపోతే బడినే వారి గూడేనికి, వారి వాకిట్లోకి తీసుకువెళ్లారు. అంగన్‌వాడీ అన్న పేరులో ఉన్నది ఆ వాకిలే. బిడ్డ ఇంటిని గౌరవించి అక్కడి నుంచి చదువు మొదలుపెట్టడం దాని మూలసూత్రం.

కొందరు తల్లిదండ్రులు మూడేళ్లకే పలకా బలపం పట్టించమని, అక్షరాలు దిద్దించమని కోరతారు. ‘రోజంతా ఆడిస్తున్నారు, చదువు చెప్పడం లేదు’ అన్నది తరచు వినవచ్చే ఫిర్యాదు. అయితే గింజలను రంగుల వారీగా వేరుచేసే బిడ్డ లెక్కకు పునాది వేసుకుంటున్నాడు. మట్టి పిసికే వేళ్లు రేపు బలపం పట్టడానికి బలం తెచ్చుకుంటున్నాయి. గుజ్జనగూళ్లు ఆడే పిల్లలు వంతు పాటించడం, పంచుకోవడం, మాట్లాడటం ఒకేసారి నేర్చుకుంటున్నారు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశగా గుర్తించిన 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆ దశలో ఆటనే ప్రధాన బోధనా మార్గంగా చెప్పింది. ఒడిశా అంగన్‌వాడీల్లోని ‘నువా అరుణిమ’ పాఠ్యక్రమం కూడా ఆటపాటల ఆధారంగా రూపొందినదే.

మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు కదలికలో ఉండాలని, తెర చూసే సమయం గంటకు మించరాదని, పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దు. ఆటవస్తువుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వామనగుంటల్లో వాడే చింతగింజలు, గవ్వలు పెద్ద పిల్లలకు మంచివే. అన్నిటినీ నోట పెట్టుకునే మూడేళ్లలోపు పిల్లల చేతికి మాత్రం అవి అందకూడదు. గొంతులో అడ్డుపడవచ్చు.

ఆట భాషకు వంతెన కూడా అవుతుంది. దాగుడుమూతలను ఒడియాలో ‘లుచకాళి’ అంటారు. పేరు వేరైనా దాక్కునే సరదా ఒకటే. ఆ ఆటలో తెలుగు బిడ్డ ఒడియా అంకెలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటాడు. ఇంట్లో తెలుగు మానేసి వచ్చీరాని ఒడియాలో మాట్లాడితే బిడ్డ త్వరగా నేర్చుకుంటాడన్నది అపోహ. ఇంట్లో అమ్మమ్మ చెప్పే కథ, అమ్మ పాడే లాలి తెలుగులోనే సాగాలి. తొలి భాషలో మాట, ఊహ బలపడిన బిడ్డకు రెండవ భాష భారం కాదు. కేంద్రంలో పండుగ జరిగే రోజున తెలుగు తల్లి ఒక పాట పాడితే, చెమ్మచెక్క ఆడిస్తే, తన ఇల్లు ఇక్కడ కూడా ఉందని బిడ్డకు తోస్తుంది.

అక్క చదువు

శిశుసంరక్షణ గురించి మాట్లాడేటప్పుడు మరవరానిది మరొకటి ఉంది. కేంద్రం లేని చోట, లేదా బిడ్డ అక్కడ ఉండలేక ఏడ్చి ఇంటికి వచ్చేసిన చోట, ఆ బిడ్డను చూసుకునేది తరచుగా ఎనిమిది, పదేళ్ల అక్క. తమ్ముణ్ణి ఎత్తుకున్న చేయి పుస్తకం పట్టలేదు. ఒక్కరోజు మానిన బడి వారానికి, వారం నెలకు పాకుతుంది. కనుక చిన్నబిడ్డ కేంద్రంలో కుదురుకోవడం ఆ ఒక్క బిడ్డ క్షేమమే కాదు. ఇంటి ఆడపిల్ల చదువు కూడా దానిపైనే ఆధారపడి ఉంది. తొలి రెండు వారాలు తల్లి గాని, తండ్రి గాని, నాయనమ్మ గాని కాసేపు కేంద్రంలో కూర్చుని, ఆ వ్యవధిని రోజురోజుకూ తగ్గించుకుంటూ పోతే బిడ్డ నిలదొక్కుకుంటాడు. ఇందుకు పోయే కొన్ని పూటల కూలి ఆ అమ్మాయి బడి నిలబెడుతుంది.

ఇంటివారు కలిసి ఆలోచించవలసిన ప్రశ్నలు

1. బిడ్డ ఆకలి, నొప్పి, భయం చెప్పడానికి వాడే మాటలేవి? వాటి అర్థం కేంద్రంలోని దీదీకి తెలుసా?

2. మాతాశిశు సంరక్షణ కార్డు ప్రస్తుతం ఎక్కడ ఉంది? తరువాతి టీకా ఎప్పుడు?

3. గత మూడు నెలల్లో బిడ్డ బరువు పెరిగిందా? పెరుగుదల పట్టికను ఇంటివారిలో ఎవరు చూశారు?

4. నిన్న బిడ్డ ఎంతసేపు ఆడాడు, ఎంతసేపు ఫోను చూశాడు, ఎంతసేపు నిద్రపోయాడు?

5. అత్యవసర సమయంలో బిడ్డను తీసుకువెళ్లే మూడవ వ్యక్తి ఎవరు? ఆ పేరు కేంద్రంలో నమోదైందా?

6. చిన్నబిడ్డ కోసం ఇంట్లో మరొక బిడ్డ బడి మానవలసి వస్తున్నదా? వస్తే, దానిని తప్పించడానికి అంగన్‌వాడీ కార్యకర్తతో మాట్లాడారా?