ఉపస్థాత

చరకసంహిత సూత్రస్థానమునందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి అనునవి ఆ నాలుగు. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణముల చొప్పున మొత్తము పదునాఱు గుణములు. వీనిలో మూడవదగు ఉపస్థాతను గూర్చి మనము అంతగా ఆలోచింపము. 'ఉప' యనగా సమీపమున; 'స్థాత' యనగా నిలుచువాడు. రోగికి దగ్గఱగా నిలిచి పరిచర్య చేయువాడని ఈ పదమునకు అర్థము. ఉపచారము నెఱిగియుండుట, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము అను నాలుగును అతని లక్షణములు.

ఉపచారజ్ఞానమును, దక్షతను నేర్పవచ్చును. శుచిత్వమును నియమముచే అలవఱుపవచ్చును. అనురాగమును ఏ ఉత్తరువుచే తెప్పింపగలము? ఆసుపత్రులు, అనాథాశ్రమములు, వృద్ధాశ్రమములు మున్నగు సేవాసంస్థలను నడుపువారందఱకును ఎదురగు ప్రశ్న యిది. మన దేశమున ఒక వైద్యుడు దీనికి ఆచరణరూపమున సమాధానము చెప్పెను.

ఆంగ్లేయుల పాలనలో మనోవ్యాధిగ్రస్తుల కొఱకు ఎత్తైన గోడల నడుమ శాలలు నిర్మింపబడినవి. 1912 నాటి చట్టము రోగిని చేర్చుకొనుటకును, విడిచిపుచ్చుటకును విధులు నేర్పఱచినది. రోగిని సంఘమునకు దూరముగా నుంచుట ఆ వ్యవస్థకు మూలభావము. 1920ల దశాబ్దమున ఆ శాలలకు 'మానసిక వైద్యశాలలు' అని పేరు మార్చిరి. పేరు మాఱినది గాని మూలభావము మాఱలేదు. లోపలికి వెళ్లినవానిని ఇంటివారు క్రమముగా మఱచుచుండిరి. వ్యాధి నెమ్మదించినను తీసికొనిపోవువారు లేక ఏండ్లతరబడి అచ్చటనే యుండినవా రెందఱో.

1950ల దశాబ్దమున అమృతసర్ మానసిక వైద్యశాలకు డాక్టర్ విద్యాసాగర్ అధికారిగా నుండిరి. రోగులు అధికము, వసతి స్వల్పము. వారు రోగుల బంధువులను పిలిచి, వైద్యశాల ఆవరణలోనే గుడారములు వేయించి, రోగితో కలిసి అందు నివసింపుడనిరి. తల్లియో, భార్యయో, అన్నయో రోగికి అన్నము పెట్టి, స్నానము చేయించి, ప్రక్కన పండుకొనెడివారు. వైద్యులు వారికి వ్యాధిస్వభావమును బోధించెడివారు.

ఫలితము పలువిధములుగా కనబడినది. రోగులు త్వరగా కోలుకొనిరి. ఈ వ్యాధి కుదురదను భయము బంధువులను విడిచినది. ఇంటికి మరలిన పిమ్మట ఎట్లు మెలగవలెనో వారు ముందుగానే నేర్చికొనిరి.

ఇందు గ్రహింపదగిన విషయ మొకటి కలదు. గుడారము స్వల్పవస్తువు; అయినను అది ఒక సంస్థ ధర్మమునే మార్చినది. బంధువు లోపల నుండగా పరిచారకుడు కావలివానివలె ప్రవర్తింపజాలడు, అతడు నేర్పువాడు కావలెను. వైద్యుడు తన ఆజ్ఞకు కారణము చెప్పవలెను. రోగి చేరిన దినముననే ఇంటికి మరలు దినమును గూర్చి తలపవలెను. 'రోగి కుటుంబమునకు చెందినవాడు' అను ఒక్క భావమును నిజముగా నమ్మినచో తలుపులు, వేళలు, ఉద్యోగుల విధులు అన్నియు దాని ననుసరించి మాఱక తప్పదు. ఆ భావమును గోడపై వ్రాసి నియమములను యథాతథముగా నుంచినచో అది అలంకారమాత్రము.

1957లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు నెలకొల్పిన మానసిక చికిత్సాకేంద్రమున రోగితో కుటుంబసభ్యు డొకడు వసించు పద్ధతి పాదుకొన్నది. తరువాత బెంగుళూరు నిమ్‌హాన్స్‌లోను కుటుంబ వార్డు లేర్పడినవి.

ఇచ్చట ఒక హెచ్చరిక. బంధువును పిలుచుట సంస్థ తన భారమును అతనిపై మోపుటకు నెపము కారాదు. కూలిపని మాని వచ్చినవానికి దినవెచ్చము ఎట్లు? ఇంట పసిబిడ్డలను విడిచి వచ్చిన స్త్రీకి విశ్రాంతి యెట్లు? ఈ ప్రశ్నలు అడుగని సంస్థ అనురాగమును గౌరవించినట్లు కాదు, వాడుకొన్నట్లగును. చరకుడు నాలుగు పాదములు చెప్పెను. ఒక్క పాదముపై బరువంతయు నిలువదు.

దగ్గఱ నిలుచువారు లేనిచో ఏమగునో 2001 ఆగష్టు 6వ తేదీన లోకము చూచినది. తమిళనాడులోని ఎర్వాడి యను యాత్రాస్థలమున ఒక ప్రైవేటు ఆశ్రయమునకు నిప్పంటుకొనగా 28 మంది మనోరోగులు మరణించిరి. గొలుసులతో కట్టబడియుండుటచే వారు పరుగెత్తలేకపోయిరి. పుణ్యస్థలమున నుంచినచో నయమగునని నమ్మి బంధువులు వారి నచ్చట విడిచిపోయిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగనైనను గొలుసులతో కట్టుట నిషేధించినది.

యాత్రికులగు మనకు ఇందు కర్తవ్యము స్పష్టము. బాధపడువానిని భగవత్సన్నిధికి తోడ్కొనివచ్చుట దోషము కాదు, విడిచిపోవుట దోషము. మ్రొక్కు చెల్లింపుడు, మందు మానకుడు. ఎవరి నడుగవలెనో తెలియనిచో 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. మన యింట అట్టివా రున్నచో వారిని వెనుకగదిలో దాచక, భోజనపంక్తిలో మన ప్రక్కనే విస్తరి వేయుదము. ఉపస్థాత యను పదమునకు ఇంటిలో అర్థము అదియే.